తోడు పలకని తూకం వెయ్యకూడదు

1. ఎండ

మబ్బు తునక లేదు. ఒక్క బండీ కదల్లేదు.

ఎండ కాసినంతసేపూ తూనీగలు ఎగురుతాయి. అవి ఎగిరినంతసేపూ మేం ఈ పాత రైలు సొరంగంలో ఉంటాం. వాటిని ఆకాశంలోకి వదిలిన సైన్యాలు రెండూ నేను పుట్టకముందే పోయాయి. యుద్ధం అయిపోయిందని ఆ యంత్రాలకు చెప్పగలిగిన మనిషి మాత్రం ఎవరూ మిగల్లేదు. రెక్కల మీద ఎండ పడితే లేస్తాయి, నడిచే ఇంజనును వెతుక్కుంటాయి, పక్కకు చేరి పగిలి ఇనుప ముక్కలు చిమ్ముతాయి. మబ్బు పడితే చెట్ల మీద వాలి ఊరుకుంటాయి. అన్నీ కాదు. మబ్బులో వెళ్లే బండికీ కవచం కావాలి, అందుకే సొరంగంలో ఈ షెడ్డు.

లోహశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న ఏడాదే మా కాలేజీని ఆస్పత్రి చేసేశారు. అక్కడ పరిశోధన చేద్దామనుకున్న దాన్ని, ఇక్కడ బోల్టులు బిగిస్తున్నాను. ఎప్పుడు ఎటు వెళ్లిపోదామా అన్నట్టే ఉంటుంది నాకు. మా అప్ప, అంటే మా అక్క, వకుళ అయితే "నీ కాళ్ల కింద పేలాల మంగలం ఉంటాదే" అంటుంది.

ఈ రోజు పై కమాండు నుంచి కొత్త కవచాల సామాను దిగింది. ఉడతల కోసం. ఉడతలంటే పాత సైన్యం వాళ్ల తేలికపాటి జీపులు. ముందు డ్రైవరు, వెనక తుపాకీ మనిషి, వాళ్ల ఎడమ పక్కన సరుకు. కిందికి రేవు దాకా వెళ్లి మందులూ ఉప్పూ తెచ్చేవి అవే. ఇన్నాళ్లూ వాటికి పల్చటి రేకు తలుపులు. ఇకమీదట తలుపులకు పలక, నేలకు పలక, ముందు అద్దం బదులు సన్నటి చీలిక ఉన్న ఇనుప తెర, పైకప్పుకు మూత. డ్రైవరుకీ వెనక మనిషికీ మధ్య ఒక గోడ కూడా. ఒక పక్క పేలినా రెండో మనిషి బతకాలని.

షెడ్డు మేస్త్రీ ఎర్రునాయుడు మావ సామానంతా ఓసారి కలయజూసి ఉమ్మేశాడు. "ఇది బండేటి, బోసాణవేటి?"

వకుళ బండిలో వెనక కూర్చునే గౌరు నా భుజం మీంచి తొంగిచూశాడు. "ఇంజనీరమ్మా, ఓ సిన్న కిటికీ ఒగ్గీ. కొండలు సూసుకుంటాను."

"తూనీగ నీ మొహం చూసుకుంటుంది."

"సూడనీ. అదైనా సూత్తాది."

కాగితం మీద బరువులన్నీ కూడి చూశాను. ఉడత మోయగలదు. హద్దుకు కాస్త ఇవతలే ఉంది.

2. మబ్బు

వకుళ బండికి కొత్త తలుపులు బిగించాం. ఆ తర్వాత పాత తలుపుల మీది తోడు పలకలు విప్పి, కొత్తవాటి మీద మళ్లీ వేశాం.

బండిలో మనిషి పోతే, ఆ మనిషి పక్కనున్న పలకని కోసి, ఉలితో పేరు చెక్కి, అయినవాళ్ల బండికి అతుకుతారు. అదే తోడు పలక. పోయినవాళ్లు ఆ తలుపు దగ్గర కాపలా ఉంటారంటారు. వకుళ తలుపు మీద మా అయ్య ఉన్నాడు. దాలయ్య అని, తూనీగ ముక్కలు తగిలిన ఆరు దెబ్బల మధ్య చెక్కి ఉంటుంది, చివరి అక్షరం కిందికి జారి. ఆ రోజు మావ చెయ్యి వణికింది. గౌరు తలుపు మీద వాడి తమ్ముడు.

అయ్య పలక, ఆయన తన రేకు తలుపుకు సొంతంగా బిగించుకున్న పాత రైలు పెట్టె ఇనుము. నా బొటనవేలంత మందం. దాన్ని పైకెత్తడానికి ముగ్గురం పట్టాం.

బరువుల చిట్టాలో రాద్దామని పెన్సిలు తీశాను. మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏటి రాత్తన్నావు?"

"పలక బరువు."

"తోడు పలకని తూకం వెయ్యకూడదే. పోయినోళ్లని కాటా మీదెడతారేటి? మీ అయ్య ఎంతుంటాడని రాత్తావు?"

చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాను. చిట్టాలో వకుళ బండి ఇప్పటికీ హద్దుకు కాస్త ఇవతలే ఉంది.

అంతా అయ్యాక డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు తోశాను. తెరుచుకుంది, కానీ భుజం ఆనిస్తేనే. కీలు మూలిగింది.

3. వాన

ఘాటు దారిలో గేదె మలుపు దగ్గర, డ్రైవరు నీలాచలం ఒక్కడే తీసుకెళ్లిన బండి దొర్లింది.

తూనీగ కాదు. బండికి ఎక్కడా ఒక్క కన్నం లేదు. తడి రోడ్డు మీద దిగుతూ మలుపు తిరగబోయి, ఎడమ పక్కకు ఒరిగి, కల్వర్టు కింద నించి రోడ్డుకు రెండు పక్కలా పారే గెడ్డలో పడింది. కుడి తలుపులు ఆకాశం వైపు. పెద్ద లోతేం లేదు, మామూలు రోజుల్లో అయితే మోకాలి నీళ్లు. వానకి గెడ్డ పెరిగింది.

బండిని గొలుసులతో సొరంగంలోకి లాక్కొచ్చారు. తలుపు కోసింది నేనే. తలుపు లోపలి పక్క నిండా గ్రీజు చేతుల అచ్చులు, ఒకదాని మీద ఒకటి. అచ్చులన్నీ పైకి తోస్తున్నాయి. నిలబడి ఉన్న బండిలో తలుపును పక్కకు తోస్తాం. పడిపోయిన బండిలో అదే తలుపును నెత్తి మీదికి ఎత్తాలి. కొత్త పలకకు తోడు నీలాచలం తలుపు మీద వాళ్ల నాన్న, మేనత్త ఉన్నారు.

"తూనీగని సూసి బెదిరిపోయుంటాడు," అన్నాడు ఎవరో.

"వానలో తూనీగేటి?" అన్నాను.

నీలాచలం పేరు చెక్కడానికి మావ అప్పటికే ఉలి వెతుకుతున్నాడు.

4. మబ్బు

నీలాచలం పలకలు రెండు కోశారు. ఒకటి వాళ్ల అన్న బండికి. రెండోది వకుళకు, ఎందుకంటే ఆమెకు బండి నేర్పింది అతనే.

"తలుపు మీద అయ్యున్నాడు. గురువు నెత్తి మీదుండాల," అంది వకుళ.

పైకప్పు మీద వెయ్యమంది. పైకప్పు మీద! బరువు ఎంత పైకెళితే బండి అంత తేలిగ్గా ఒరుగుతుందని చెప్పాను. పక్కనే ఉన్న మంచినీళ్ల బిందె తీసి, ఖాళీ బిందె మీద నిండు బిందె పెట్టి వేలితో నెట్టి చూపించాను. నీళ్లు గౌరు కాళ్ల మీద పడ్డాయి.

"సూసినావా, వకుళమ్మా? మీ సెల్లి మనం ములిగిపోతామంటంది," అన్నాడు గౌరు.

వకుళ నవ్వలేదు. "నీలాచలం బావు నాకు గేరు మార్సడం నేర్పినప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావే, మేదినీ. నీకెలా తెలుత్తాది?"

పలక పైకప్పుకెక్కింది. వెల్డింగ్ నేనే చేశాను. నా చేతి అతుకు ఊడదని అందరికీ తెలుసు.

ఒక్కొక్క బండీ దొర్లినకొద్దీ మిగిలిన బండ్లు బరువెక్కుతాయి. బరువెక్కినకొద్దీ దొర్లుతాయి. ఇది లెక్క. దీనికి పట్టా కూడా అక్కర్లేదు.

5. ఎండ

వకుళ తలుపు కీలు వంగిపోయిందని విప్పమన్నారు. అందరూ గోడల వెంబడి పడుకుని ఉన్నారు. సొరంగం అవతలి కొసన, సరుకు రైళ్ల కాలం నాటి కాటా ఒకటి ఉంది. తుప్పు పట్టినా అబద్ధం చెప్పదు. తలుపును గొలుసు కప్పీతో తోపుడు బల్ల మీదికి దింపుకుని, బల్లతో సహా కాటా ఎక్కించాను.

ముల్లు లేచి ఊగి ఆగింది. బల్ల బరువు తీసేస్తే తలుపు రెండు వందల కిలోలకు ఓ పిసరు తక్కువ. దాన్ని పడుకుని పైకెత్తగలిగిన మనిషి ఈ కొండ మీద లేడు. వకుళ అసలే పొట్టి.

వెనక్కి తిరిగితే వకుళ నిలబడి ఉంది. ఎంతసేపట్నించో.

"అయ్యని కాటా మీదెట్టినావు."

"తలుపునప్పా. తలుపుని పెట్టాను."

"ఆ పేరు సదవనేవా? అంత సదువు సదివినావు, అదొక్కటీ సదవనేవా?"

"ఇది పడిపోతే నువ్వు ఎత్తలేవు. నీలాచలం బావు చేతుల అచ్చులు నువ్వూ చూశావు."

"సూసినాను." ఆమె వచ్చి అయ్య పలక మీద అరచెయ్యి ఆనించింది. వేడి ఉందో లేదో చూసినట్టు. "ఇదిగో, ఇను. ప్రతీసారీ ఆ మలుపు దిగుతున్నప్పుడు నా పేనం నోట్లోకొత్తాది. అప్పుడు కుడి మోసెయ్యి ఈ పలకకి ఆనిత్తాను. సల్లగుంటాది. అంతే. దాంతో దిగిపోతాను. నువ్వు దీన్ని తీసీనావనుకో, బండి తేలికవుతాది గాని నాను కదల్నేను."

"చిన్న ముక్క కోసి, దాని మీద పేరు చెక్కుతాను. జేబులో పెట్టుకో."

"అయ్యని ముక్క కోసి, మిగిలినోణ్ణి ఏటి సేత్తావు? బోల్టులా?"

తలుపుని ఇద్దరం కలిసి వెనక్కి తోసుకొచ్చాం, ఒకరినొకరు చూసుకోకుండా. ఇరుసు కిర్రుమంటున్నా ఎవరం నూనె వెయ్యలేదు.

6. మబ్బు

కమాండరు దాక్షాయణి గారు సొరంగం లోపలి జ్వరాల వార్డుకు మందులు ఎన్ని మిగిలాయో చూడ్డానికి దిగొచ్చారు. ఆమెను దారిలోనే పట్టుకున్నాను. కాటా మాట చెప్పాను, అచ్చుల మాట చెప్పాను. తోడు పలకలు తీయించమని ఆర్డరు వెయ్యమన్నాను.

ఆమె ఓపిగ్గా విన్నారు. అదే నన్ను భయపెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమే, మేదినీ. కానీ ఆర్డరు వేస్తే రేపు ఎవరు బయల్దేరతారో చెప్పు. వీళ్లు ఇనుముని నమ్మి వెళ్తున్నారనుకున్నావా? రేకు తలుపులప్పుడు కూడా వెళ్లారు. పక్కన తమవాళ్లున్నారని వెళ్తున్నారు. ఆ నమ్మకం తీసేస్తే నాకు తేలికైన బండ్లుంటాయి, నడిపేవాళ్లుండరు. వార్డులో పిల్లలు మందుల్లేకుండా ఉంటారు."

"అయితే కమాండు వాళ్ల పలకలు తీసేద్దాం. తోడు పలకలు మాత్రం ఉంచుకోనిద్దాం."

"తూనీగ వస్తే?"

"వానలో రావడం లేదు కదా."

"ప్రతిసారీ వానే ఉంటుందని నువ్వు సంతకం పెడతావా?"

పెట్టలేను. ఆమెకు తెలుసు. నా భుజం తట్టి వార్డు వైపు వెళ్లిపోయారు. చెప్పులు తెగి ఉన్నాయి, కమాండరు చెప్పులు, సుతిలి తాడుతో కట్టుకుని ఉన్నాయి. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

7. ఎండ

ఈ పని చేస్తూ ఉన్నప్పుడే రాసుకుంటున్నాను. తర్వాత రాస్తే నన్ను నేను సమర్థించుకుంటాను.

పాత రేకు తలుపుల్లోంచి నలిగిపోని ముక్క ఒకటి దొరికింది. ఒకే ఒక్కటి. అయ్య పలక కొలతకు సరిగ్గా సరిపోయింది. అంచులు వెనక్కి మడిచాను, పక్కనించి చూస్తే మందంగా కనపడాలని. ముక్కల దెబ్బలు ఆరూ ఎక్కడెక్కడున్నాయో బొగ్గుతో గుర్తు పెట్టుకుని, సుత్తి మొనతో ఒక్కొక్కటే దింపాను. పేరు చెక్కాను. చివరి అక్షరాన్ని కావాలనే కిందికి జార్చాను. మావ చెయ్యి ఆ రోజు ఎలా వణికిందో అలా వణికించాలంటే, అస్సలు వణక్కుండా ఉండాలి. మసీ నూనే పట్టించి తుడిచాను.

పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. వేలితో కొడితే మాత్రం తెలుస్తుంది. ఒకటి మోగుతుంది, ఒకటి మోగదు. అందుకని రేకు వెనక గోనెపట్టా కుక్కి అతికాను.

దాని వెనకే ఉన్న కమాండు పలకని కూడా తీసేశాను. ఇప్పుడా తలుపు నిజంగా రేకే. ఉత్త తలుపు. తూనీగ ముక్క తగిలితే అటునించి ఇటు దూసుకుపోతుంది. నేను అప్పని కాపాడుతున్నానో చంపుతున్నానో ఆకాశం చెప్పాలి.

గౌరు తలుపుకి చెయ్యడానికి ఇంకో రేకు లేదు. వెతికాను. కాస్త వెతికాను. ఇంకా వెతికి ఉండొచ్చు, వాడు నిద్ర లేచి "ఏటమ్మా, సుట్టాలొచ్చినట్టు ఇల్లు సర్దుతన్నావు?" అనేసరికి ఆపేశాను.

అయ్య పలకని కప్పీతో దింపి, తోపుడు బల్ల మీద తెచ్చి నా మంచం కిందికి తోశాను. నేలంతా గీరుకుపోయింది.

8. వాన

వార్డులో ఇద్దరు పోయారు. మందులు రేపటికి కూడా లేవు. వకుళ బండికి పిలుపొచ్చింది.

బయల్దేరే ముందు ఆమె తలుపు చుట్టూ చెయ్యి వేసి లాక్కుంది. ఒక్క క్షణం ఆగింది. "కీలు బాగా సేసినావే. తేలిగ్గా వొచ్చీసింది."

"నూనె వేశాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే దిగిపోతుంది. దిగిపోతే ఇంకెవరో నిజమైన బోషాణంలో వెళతారు, లేదా ఎవరూ వెళ్లరు. అప్ప కుడి మోచెయ్యి పలకకు ఆనించుకోవడం చీలికలోంచి కనపడింది. రేకు కూడా చల్లగానే ఉంటుంది.

వెనక తలుపు వేసుకోడానికి గౌరుకి రెండు చేతులూ పట్టాయి. "మా తమ్ముడు తిని తిని బలిసిపోనాడు," అన్నాడు. సొరంగంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

9. వాన తగ్గింది

అదే మలుపు. వెళ్లేటప్పుడు కాదు, మందులు తీసుకుని ఎక్కి వస్తుండగా. చక్రం కింద గట్టు జారింది. పైకప్పు బరువు మిగతాది చూసుకుంది.

ఒక్కరు నడిచి వస్తున్నారని సొరంగం ముందు కాపలా మనిషి అరిచాడు. ఒక్కరే. ఎవరో తెలిసేదాకా నేను నోట్లో గుడ్డ కుక్కుకుని ఉన్నాను. నడక చూసి గుర్తుపట్టాను. వీపు మీద మందుల పెట్టె. ఆ పెట్టె మావ చేతికిచ్చి, తడి బట్టలతోనే వకుళ నేల మీద కూర్చుంది.

మావ అడిగాడు. "గౌరు?"

ఆమె చెప్పింది, ఏడవకుండా, దారి చెబుతున్నట్టు. బండి ఎడమ పక్కకు పడింది. తన తలుపు ఒక్క తోపుకి తెరుచుకుంది. బయటికొచ్చి బండి మీదికెక్కి వెనక తలుపు పట్టుకుని లాగింది. లోపల్నించి గౌరు తోశాడు. వేలు పట్టేంత సందు వచ్చి మళ్లీ మూసుకుపోయింది. మధ్యలో గోడ. పైన మూత. ఇలా కాదని రాయి తెచ్చి సందులో పెడదామనుకుంది. రాయి తెచ్చేలోపు నీళ్లు పెరిగాయి.

"మాటాడతానే ఉన్నాడు," అంది వకుళ. "'నీ తలుపెలా వొచ్చిందే వకుళమ్మా, ఇంజనీరమ్మ సెల్లెలుంటే అంతే' అన్నాడు. నవ్వినాడు కూడా. తరవాత 'ఊరికే లాగకు, సేతులు పోతాయి' అన్నాడు."

ఆమె చేతుల వైపు చూశాను. గోళ్లు లేవు.

ఆమె నా వైపు చూసింది. తలుపు ఎందుకు తెరుచుకుందో దారంతా నడుస్తూ తేల్చుకున్న మనిషి ఇంకేం అడుగుతుంది?

10. ఎండ

బండిని తెచ్చారు. వెనక తలుపు నేనే కోశాను. లోపలి అచ్చులు చూడకూడదనుకున్నాను, చూశాను.

వాడి సీటు పక్కన పలకని కోసి, మావ పేరు చెక్కాడు. గౌరుకి ముందూ వెనకా ఎవరూ లేరు. కాబట్టి పలక వకుళకే. వాడి తమ్ముడి పలక కూడా. కొత్త బండి సిద్ధంగా ఉంది. వార్డుకు మందులు మళ్లీ కావాలి. ఈ ఎండ పోతే బయల్దేరాలి. అందరూ చుట్టూ చేరారు. నేను వెల్డింగ్ ముసుగు పట్టుకుని నిలబడ్డాను. వకుళ తన చేతికున్న కట్టు విప్పుకుంటూ వచ్చింది.

"అయ్యెక్కడున్నాడు?" అంది. అందరి ముందూ.

మావ అయోమయంగా పాత బండి తలుపు వైపు చూపించాడు. ఆమె అటు చూడనైనా చూడలేదు.

"నా మంచం కింద," అన్నాను.

గుంపులో ఎవరో "ఓలమ్మో" అన్నారు. మావ వెళ్లి ఆ తలుపు మీద వేలితో కొట్టాడు. గోనెపట్టా తడిసి ఊడిపోయి ఉంది. రేకు మోగింది. ఆయన నా వైపు తిరిగినప్పుడు కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నాకొక్కదానికే సేసినావు," అంది వకుళ.

"ఇంకో రేకు దొరకలేదప్పా."

"ఎతికినావా?"

చేతిలోని ముసుగు కింద పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. చిన్నప్పుడు ఇంట్లో పగిలిన వస్తువు చూసి అమ్మ అలా చూసేది. ఎవరు పగలగొట్టారో తెలిసి కూడా.

తర్వాత ఆమె వంగి గౌరు పలక అంచు కింద వేళ్లు పెట్టింది. గోళ్లు లేని వేళ్లు. ఎత్తలేకపోయింది. ఎవరూ ముందుకు రాలేదు, పలకని ఎక్కడికి తీసుకెళ్లబోతోందో అందరికీ అర్థమైంది. నేను రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి సొరంగం అవతలి కొస దాకా మోశాం, దారిలో రెండుసార్లు దింపి. మావ వెనకాలే వచ్చాడు. "వొద్దే, వకుళా. తప్పే. వొద్దే," అంటూనే ఉన్నాడు. మమ్మల్ని మాత్రం ఆపలేదు.

కాటా మీద పెట్టాం. ముల్లు లేచి ఊగింది.

"రాయి," అంది వకుళ.

చెవి వెనకనించి పెన్సిలు తీశాను. చిట్టాలో గౌరు పేరు రాసి, పక్కన వాడి బరువు రాశాను. రాసేశాక కూడా ముల్లు కాసేపు కదులుతూనే ఉంది.

"ఇప్పుడు అయ్యని తే," అంది అప్ప.